ప్లాటింగ్ ఉదాహరణలను వరుసగా నడిపించే ముందు జాగ్రత్తలు

తిరుపతిలోని మా కళాశాల ల్యాబులో మ్యాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) ఉదాహరణ స్క్రిప్టులను రాత్రంతా వరుసగా నడిపించదలచిన విద్యార్థుల కోసం ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు బ్యాకెండ్ (బొమ్మను గీసి తెరపై చూపే లేదా ఫైలుగా మార్చే భాగం) సంగతి చూసుకోవాలి. చాలా ఉదాహరణలు చివర బొమ్మను చూపే షో ఫంక్షన్‌ను పిలుస్తాయి. విండో తెరిచే బ్యాకెండ్ ఉంటే, ఎవరైనా వచ్చి ఆ విండోను మూసేదాకా స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, తెల్లవారి వచ్చి చూస్తే మొదటి బొమ్మ దగ్గరే పని నిలిచి ఉంటుంది. అందువల్ల ఎంపీఎల్‌బ్యాకెండ్ (MPLBACKEND) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రాములు చదివే సిస్టమ్ అమరికకు) విండో తెరవని ఆగ్ (Agg) అనే విలువను ముందే ఇవ్వండి. అయితే ఆగ్ తెరపై ఏమీ చూపదు, తనంతట తాను ఏ ఫైలునూ భద్రపరచదు. కాబట్టి స్క్రిప్టు ముగిశాక తెరిచి ఉన్న ప్రతి ఫిగర్‌నూ (బొమ్మనూ) సేవ్‌ఫిగ్ ఫంక్షన్‌తో ఫైలుగా దాచే చిన్న కోడును మీరే జతచేయాలి. స్క్రిప్టులోనే బ్యాకెండ్‌ను మార్చే పంక్తి ఉందేమో కూడా వెదకండి.

ప్రతి స్క్రిప్టును సబ్‌ప్రాసెస్‌గా, అంటే వేరే ప్రోగ్రాముగా, విడిగా నడిపి, 60 సెకన్ల వంటి గడువు పెట్టడం నా దృష్టిలో తప్పనిసరి. అన్నిటినీ ఒకే ప్రాసెస్‌లో నడిపితే ఒక స్క్రిప్టు మార్చిన ఆర్‌సీపారామ్స్ (బొమ్మల డిఫాల్టు అమరికలు) తర్వాతి బొమ్మలకు అంటుకుంటాయి, మూయని ఫిగర్లు 20 దాటగానే హెచ్చరిక వస్తుంది, మెమరీ క్రమంగా నిండుతుంది.

ఉదాహరణల వెర్షన్, లైబ్రరీ వెర్షన్ ఒకటేనని సరిచూసుకోండి. కొన్ని స్క్రిప్టులు ఉన్నచోటే ఫైళ్లు రాస్తాయి గనుక ఖాళీ ఫోల్డరులో నడపండి.

తెలుగు శీర్షికలు పెట్టదలిస్తే, డిఫాల్టుగా వచ్చే డెజావూ సాన్స్ ఫాంటులో మన అక్షరాలు లేవు గనుక నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ముందే అమర్చి, "చిత్తూరు"లోని తవత్తు సరిగా కూర్చుందో లేదో ఒక బొమ్మ తెరిచి కంటితో చూడండి.