అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాల్సినవి: ఇల్లు, స్థలం కొనేవాళ్లకు

- అమ్మే మనిషి అందులోనే ఉంటున్నాడు కదా అని అది ఆయనదే అనుకోవద్దు, స్వాధీనం వేరు, యాజమాన్యం వేరు. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు, అందుకే ఇప్పటి దస్తావేజు ఒక్కటే చూసి ఆగకుండా, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎలా వచ్చింది అని లింకు డాక్యుమెంట్లన్నీ వెనక్కి చదువుకుంటూ పోండి. మధ్యలో ఒక్క లింకు తెగినా డబ్బు ఇవ్వకండి.

- ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరి సంతకాలూ కావాలి. వారసత్వంగా వచ్చినదైతే మరీ జాగ్రత్త: దూరంగా ఉంటున్న తోబుట్టువును లెక్కలోంచి వదిలేస్తే, ఆ గొడవ చివరికి కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

- తాకట్టు, కోర్టు కేసు, పన్ను బకాయి. మూడూ రికార్డుల్లో చూడండి, నోటిమాట చాలదు.

- అద్దెకున్నవాళ్లుంటే వాళ్ల ఒప్పందం చదవండి, ఓనరు మారగానే వాళ్ల హక్కు పోతుందని అనుకోకండి.

- పక్కవాళ్లకు దారి హక్కు ఉందేమో స్థలానికి వెళ్లి కళ్లారా చూసుకోవాలి, ఎందుకంటే ఇది కొన్నిసార్లు కాగితాల్లో ఎక్కడా కనిపించదు, నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పనిలో పనిగా సర్వే చేయించి హద్దులు కొలిపించండి.

- లాయరును మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్లు చూపించినాయన వద్దు.