డిస్క్రిప్టివ్ ఎక్కడ వాడాలి?

ఇంగ్లీషులో రాస్తుంటే డిస్క్రిప్టివ్, డిస్క్రైబ్డ్, ఇండిస్క్రైబబుల్ మూడింటిలో ఏది పెట్టాలో తేలక ప్రతిసారీ చేయి ఆగిపోయేది. ఇప్పుడు ముందుగా తెలుగు మాట అనుకుంటున్నాను. ‘వర్ణించే పేరా’ అని వస్తే డిస్క్రిప్టివ్. ‘వర్ణించలేని ఆనందం’ అయితే ఇండిస్క్రైబబుల్. ‘పైన వర్ణించిన పద్ధతి’ అయితే డిస్క్రైబ్డ్. అక్కడ మాత్రం నామవాచకమే ముందు వచ్చి, డిస్క్రైబ్డ్ దాని తర్వాత వస్తుంది: ‘ది మెథడ్ డిస్క్రైబ్డ్ అబవ్’. తేడా అంతా మన క్రియ చివరనే ఉంది, చూడండి! ఇంకొకటి, డిస్క్రిప్టివ్ దేన్ని వర్ణిస్తోందో చెప్పాలంటే తర్వాత ‘ఆఫ్’ రావాలి, ‘అబౌట్’ కాదు.

మనుషుల విషయంలో ఈ కొలత తప్పుతుంది. ‘బాగా వర్ణించే మనిషి’ తెలుగులో చక్కగానే ఉంటుంది కానీ, ఇంగ్లీషులో సాధారణంగా ఆ మనిషి రాతనే డిస్క్రిప్టివ్ అంటారు. పరీక్షల్లో డిస్క్రిప్టివ్ పేపరంటే వర్ణన కాదు, జవాబులు వాక్యాల్లో రాయాల్సినదని అర్థం.