పెరటి ఉల్లిని పురుగుల నుంచి కాపాడుకోవడం: చూడవలసింది మొవ్వులోనే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపినిచ్చాక పెరటి మడుల్లోనో, మిద్దె మీది తొట్లలోనో ఉల్లినారు నాటుకునేవారికి మొదటి నెల రోజులు సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. సంక్రాంతి దాటి మంచు తగ్గి, పగటి ఎండ చురుక్కుమనడం మొదలయ్యాక ఆకుల మీద వెండి పూసినట్లు సన్నని తెల్లచారలు కనిపిస్తాయి. ఆ తరువాత కొనలు ఎండి ఆకులు మెలితిరుగుతాయి. చాలామంది దీన్ని నీటి ఎద్దడిగా భావించి నీళ్లు ఎక్కువ పెడతారు, అది చాలదన్నట్లు గుప్పెడు యూరియా కూడా చల్లుతారు. నత్రజని ఎక్కువై ఆకు ఎంత లేతగా పెరిగితే పురుగు అంతగా పెరుగుతుంది కనుక యూరియా వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఈ చారలకు కారణం తామర పురుగు. కొన్నేళ్ల క్రితం మన మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు వేరు, ఉల్లిని ప్రధానంగా ఆశించే జాతి వేరు. పెరిగిన పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరే. ఇది గుడ్లను ఆకు కణజాలం లోపల పెడుతుంది. లేత పసుపు రంగులో ఉండే పిల్ల పురుగులు మొవ్వులో, అంటే నడిమి లేత ఆకులు ఒకదానినొకటి హత్తుకొని ఉండే చోట దాగి, ఆకును గీకి రసం పీలుస్తాయి. ఆపైన చాలావరకు మట్టిలోకి దిగి కోశస్థ దశ, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ గడుపుతాయి. గుడ్డులో ఉన్నదానికీ, మట్టిలో ఉన్నదానికీ పైమందు తగలదు. వేడి వాతావరణంలో రెండు మూడు వారాలకొక తరం పూర్తవుతుంది కనుక ఒక్కసారి పిచికారీ చేసి చేతులు దులుపుకోవడం కుదరదు. పురుగు చేసిన గాయాలున్న ఆకులకు ఊదారంగు మచ్చ తెగులు కూడా సులువుగా సోకుతుంది.

అందువల్ల వారానికి రెండుసార్లు మడిలో అక్కడక్కడా అయిదారు మొక్కలను ఎంచుకొని, నడిమి రెండు ఆకులను వేళ్లతో మెల్లగా విడదీసి చూడాలి. చూపు ఆననివారు మొక్క కింద తెల్లకాగితం పట్టి ఆకులను తట్టితే, రాలిన పురుగులు కదులుతూ కనిపిస్తాయి. పొలంలో మొక్కకు సుమారు 30 పురుగులు చేరినప్పుడు మందు వాడమంటారు. రోజూ కాడలు కోసుకొనే పెరట్లో అంతవరకు ఆగవలసిన పని లేదని నా అభిప్రాయం. పది కనిపించగానే పని మొదలుపెట్టవచ్చు.

మొదట చేయవలసింది నీటితో కడగడం. ఉదయం పూట గొట్టం కొనను వేలితో నొక్కి, ధారను నేరుగా మొవ్వులోకి కొడితే చాలా పురుగులు కొట్టుకుపోతాయి. సాయంత్రం ఇలా తడిపితే రాత్రంతా ఆకు తడిగా ఉండి మచ్చ తెగులుకు అవకాశమిస్తుంది.

దానితో తగ్గకపోతే వేపగింజల కషాయం వాడాలి. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కు కాలానిది: ఉల్లికి కషాయం కావలసింది మాఘ ఫాల్గుణాల్లో, వేపపండ్లు రాలేది జ్యేష్ఠ ఆషాఢాల్లో. కనుక ఆనాడే పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి, గాలి తగిలే సంచిలో దాచుకోవాలి. ఏడాది దాటిన గింజలో చేవ తగ్గుతుంది. పై పెంకు తీసిన పప్పు 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, కొద్దిపాటి నీటిలో రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు మూటను బాగా పిసికి, వడకట్టి, మొత్తం లీటరు అయ్యేలా నీరు కలపాలి. ఉల్లి ఆకు మీద మైనపు పూత ఉండటంతో ద్రావణం నిలవక జారిపోతుంది. అందుకే చెంచాడు కుంకుడు రసమో, కొద్దిగా సబ్బు నీరో తప్పక చేర్చాలి. వేప మందు ఎండకు త్వరగా నిర్వీర్యమవుతుంది కనుక పొద్దు వాలాక, రాత్రికి ముందే ఆకు ఆరే వేళలో, మొవ్వు తడిసేలా కొట్టి, వారం పది రోజులకొకసారి మూడు దఫాలు కొనసాగించాలి. గింజలు లేనివారు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను సబ్బు నీటితో చిలికి వాడుకోవచ్చు. అయితే ముందు రెండు మొక్కల మీద పరీక్షించి, ఆకు మాడలేదని తేలాకే మిగతా వాటికి కొట్టాలి.

ప్రకాశం జిల్లాలో పొగాకు కాడలు సులువుగా దొరుకుతాయి కాబట్టి పొగాకు కషాయం కొట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరే విషం. పచ్చిగా తినే ఉల్లికాడల మీద దాన్ని వాడకూడదు. బూడిద చల్లడం వల్ల ఆ ప్రమాదం లేదు గానీ, అది పై ఆకుల మీదే నిలిచిపోతుంది, మొవ్వు దాకా చేరదు.

నారు నాటేటప్పుడే మడి చుట్టూ రెండు వరుసల మొక్కజొన్న విత్తితే గాలివాటున వచ్చే తామర పురుగులకు కొంత అడ్డుకట్ట పడుతుంది. వరుసల మధ్య వరిగడ్డి పలుచగా పరచినా వాటి ఉధృతి తగ్గుతుంది. చెదలున్న ఎర్రనేలల్లో మాత్రం గడ్డి వేయకపోవడమే మంచిది. వెల్లుల్లినీ ఇదే పురుగు ఆశిస్తుంది కనుక పక్కన పెట్టవద్దు. నీలిరంగు జిగురు అట్టలు పురుగు రాకను ముందుగా తెలుపుతాయే తప్ప, వాటితోనే పైరు దక్కుతుందని ఆశించరాదు. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కనిపిస్తే వాటిని చంపవద్దు, అవి మన పక్షానివి.

ఆకు మీద రంధ్రం, లోపల పెంటికలు, పైపొర మాత్రమే మిగిలి అద్దంలా కనిపించే భాగం ఉంటే అది లద్దె పురుగు పని. ఇది ఉల్లి ఆకు గొట్టంలోకి దూరి లోపలి నుంచి తింటుంది కనుక ఆ ఆకును గిల్లి, పురుగుతో సహా నలిపివేయడమే సులువు. రాత్రి టార్చి లైటుతో చూస్తే మరికొన్ని దొరుకుతాయి. పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం వేసే పద్ధతి ఇక్కడి రైతులకు పరిచయమే. పెరటి మూలల్లోనూ నాలుగు ఆముదపు మొక్కలు ఉంటే పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగులు ఎక్కువగా వాటి మీదనే గుడ్లు పెడతాయి. గోధుమరంగు నూగుతో కప్పిన ఆ గుడ్ల ముద్దలను ఆకుతో సహా తుంచి వేయాలి. ఆముదం వేసి, దాన్ని చూడకుండా వదిలేస్తే మాత్రం పురుగును మనమే పెంచినట్లవుతుంది.

ఇటీవల ఉల్లి జాతికే చెందిన లీక్స్ పెంచుతున్నవారికి కూడా ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. దాని ఆకులు గొట్టాలు కాక బల్లపరుపుగా ఉండి మడతలు బిగువుగా అమరుతాయి, కనుక మొవ్వును ఇంకా ఓపికగా విప్పి చూడాలి. మడి మీద దోమతెర కప్పితే లద్దె పురుగు తల్లి రెక్కల పురుగులు ఆగుతాయి, తామర పురుగులు ఆ కన్నాల గుండా దూరిపోతాయి.

గడ్డలు తవ్వాక ఎండుటాకులను మడిలోనే వదలక ఏరి దూరంగా పారవేయాలి, మిగిలిపోయి మళ్లీ మొలిచే చిన్న గడ్డలనూ పీకివేయాలి. మరుసటి పంట ఉల్లిని అదే మడిలో నాటవద్దు. అక్కడ తోటకూరో, బెండో వేసుకోవచ్చు.