ఒంటిమాను దోనె: ఇంట్లో చేసుకోదగిన నమూనా

నెదర్లాండ్స్‌లోని పెస్సె గ్రామం దగ్గర 1955లో రహదారి పనుల్లో బయటపడిన దోనె, అంటే ఒకే మానును తొలిచి చేసిన పడవ, దాదాపు పది వేల ఏళ్ల నాటిది. ఇప్పటివరకు దొరికిన పడవలలో అంతకంటె పాతది లేదు. అది పడవ కాదు, తొట్టి అని సందేహించినవారూ ఉన్నారు. 2001లో దాని నకలును చెక్కి, అందులో మనిషిని కూర్చోబెట్టి నీటిపై నడిపించాక గాని ఆ వాదానికి సరైన జవాబు దొరకలేదు. మనం చేయబోయేది కూడా అదే పరీక్ష, పదో వంతు కొలతలో.

అసలు దోనె పొడవు 298 సెంటీమీటర్లు, వెడల్పు 44. కాబట్టి 30 సెంటీమీటర్ల పొడవు, నాలుగున్నర సెంటీమీటర్ల మందం ఉన్న గుండ్రటి కర్ర చాలు. హైదరాబాద్‌లో ఏ కలప అడితికి వెళ్లినా ముందు టేకే చూపిస్తారు, అది వద్దు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర దొరికితే అంతకంటె మంచిది లేదు, దొరకకపోతే పగుళ్లు లేని మామిడి ముక్క తీసుకోండి.

ముందుగా పైభాగాన్ని చదునుచేసి, రెండు కొసలనూ బయటివైపు నుంచే చెక్కాలి. లోపల తొలిచిన తరువాత బయట దెబ్బ వేస్తే పలుచని గోడ చీలిపోతుంది కనుక, పాతకాలపు పనివారూ చాలాచోట్ల ఈ వరుసనే పాటించారు.

అసలు నేర్పంతా మందం కనిపెట్టడంలోనే ఉంది. బయటినుంచి అక్కడక్కడ 6 మిల్లీమీటర్ల లోతున సన్నని రంధ్రాలు చేసి, సిరా పూసిన అగ్గిపుల్ల ముక్కలను బిగించండి. లోపల ఉలితో తొలుస్తూ పోతుంటే సిరా చుక్క కనబడిన చోట ఆగిపోవాలి. పెద్ద దోనెలలోనూ ఇలాంటి మేకులే కొలబద్దలు. నేను ఈ శ్రమ ఎందుకులే అనుకున్న మొదటిసారి అడుగు చిల్లుపడింది. పూర్వం నిప్పుతో కాల్చి, బొగ్గైన భాగాన్ని గీకేసేవారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆ పద్ధతి జోలికి పోవద్దు.

పరీక్షకు హుస్సేన్ సాగర్ దాకా వెళ్లనక్కరలేదు, బట్టలు నానబెట్టే టబ్బు చాలు. అడుగు గుండ్రంగా ఉండటంవల్ల దోనె ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు రెండో నమూనా చేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి అడ్డపుల్లలతో కట్టండి. కొల్లేటిలో తాటిదోనెలను జంటగా కట్టేది ఇందుకే. ఒంటి దోనె లోపల ఎన్ని రూపాయి నాణేలు వేస్తే ఒరిగిందో, జంట ఎన్నింటిని నిలబెట్టుకుందో రాసుకుని, ఆపై రెండింటినీ ఎండలో కాక నీడలో ఆరబెట్టండి.