ఇన్ని సబ్జెక్టులు ఒకేసారి ఎట్లా చదవాలి? హ్యుమానిటీస్‌లో చేరబోయేవాళ్లకు

హెచ్‌సీయూలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ.కి గానీ, హైదరాబాద్‌లోని ఏదైనా డిగ్రీ కాలేజీలో బీఏకి గానీ సీటు వచ్చిన పిల్లలు ఏటా అడిగేది ఒకటే. "అక్కా, చరిత్ర, సాహిత్యం, సోషియాలజీ, ఫిలాసఫీ... ఇన్ని ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?" నేను సూర్యాపేటలో తెలుగు మీడియం చదివి ఇక్కడికి వచ్చినదాన్ని. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తూ జూనియర్లు కోర్సు కోసం రాసే వ్యాసాలు, అంటే టర్మ్ పేపర్లు చూసిపెడుతుంటాను. క్లాసు నోట్సు ఎట్లాగూ రాసుకుంటారు, అది సరే. దాంతోపాటు ఒక లావాటి ఖాళీ నోటుపుస్తకం కొనుక్కోండి. అందులో ఒక్కటే ప్రశ్న ఉండాలి. ఏ క్లాసుకు వెళ్లినా ఆ ప్రశ్న మీ వెంట రావాలి.

ఆ ప్రశ్న సిటీ బస్సెక్కి వెళ్లి చూసి రాగలిగేదై ఉంటే మంచిది. 'కులం అంటే ఏమిటి' అని పెట్టుకుంటే మొదటి సెమిస్టర్‌లోనే తల తిరిగిపోతుంది. ఉదాహరణకు 1908 మూసీ వరద తీసుకోండి. ఆ వరద తర్వాత నదికీ నగరానికీ సంబంధం ఎట్లా మారింది? దీంతో ఎంత దూరం వెళ్లొచ్చో చూడండి.

హిస్టరీ క్లాసులో మీకు తేదీలు దొరుకుతాయి. 1908 సెప్టెంబర్ 28న వరద వచ్చింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. వేల మంది పోయారు. తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. మధ్యలో 1912లో నగరాన్ని బాగుచేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇక్కడితో ఆగితే అది పోటీ పరీక్షల బిట్ బ్యాంకు. ఈ కాగితం ఎవరు రాశారు, ఎవరు చదవాలని రాశారు, ఎవరి మాట ఇందులో లేదు అని అడగడం దగ్గరే చరిత్ర చదవడం మొదలవుతుంది. ఇంజనీరు నివేదికలో నీళ్లెంత వచ్చాయో ఉంటుంది. ఒడ్డున కాపురమున్న కుటుంబం ఏమైందో వేరేచోట వెతుక్కోవాలి.

ఆ వెతుకులాటలోనే అమ్జద్ హైదరాబాదీ తగులుతారు. ఉర్దూ కవి. ఆ వరదలో తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలిన మనిషి. ఆ దుఃఖాన్ని ఆయన కవిత్వంగా రాశారు. అయితే ఒక జాగ్రత్త. ఆ కవితను వరదకు సాక్ష్యంగా మాత్రమే వాడుకుంటే సాహిత్యం చెప్పే సార్ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఆ మాటలు ఆ వరుసలో ఎందుకున్నాయి, ఉర్దూ సంప్రదాయంలో శోకం ఎట్లా పలుకుతుంది అనేది విడిగా చదవాలి. ఒక శాస్త్రం దగ్గర ఇంకోదాన్ని కూలికి పెట్టకండి. ఇట్లా పలు శాస్త్రాలు కలిపి చదివే ఇంటర్‌డిసిప్లినరీ చదువులో నాకు తెలిసిన అతి ముఖ్యమైన నియమం ఇదే.

మనుషుల బతుకును దగ్గరుండి చూసి రాసే ఆంత్రోపాలజీకి వచ్చేసరికి కాళ్లకు పని. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. వరద రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలెక్కి బతికారని చెప్తారు. వెళ్లి కూర్చోండి. పుస్తకంలో ఎడమ పేజీలో కళ్లకు కనపడింది మాత్రమే, కుడి పేజీలో మీ ఆలోచన. ఎడమవైపు: "మధ్యాహ్నం. ఇద్దరు ఆడవాళ్లు టిఫిన్ డబ్బా విప్పారు. ఒకామె చేతిలో స్కానింగ్ కవరు." కుడివైపు: "వైద్యానికి వచ్చినవాళ్లకు ఇది నీడ. మరి వరద కథ ఎవరి జ్ఞాపకం?" ఈ రెండూ కలిపి రాస్తే నెల తర్వాత ఏది చూశారో ఏది ఊహించారో మీకే తెలియదు. ఎవరినైనా పలకరించే ముందు మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఇప్పటికే టెన్షన్‌లో ఉంటారు, వద్దంటే లేచి వచ్చేయండి. ఫోటోలు అసలే వద్దు.

సాహిత్యాన్నీ చరిత్రనూ కలిపి జనం బతుకును వెతికే ఈ పద్ధతి మనకేం కొత్త కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చువేసినప్పుడు చేసింది ఇదే. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి కావ్యాల్లోంచి జనం తిండి, బట్ట, ఆటపాటలు ఏరి తీశారు. మొదటి సెమిస్టర్‌లో ఒక అధ్యాయమైనా చదవండి. చదువుతూ, కవి వర్ణనను ఎంతవరకు నమ్మొచ్చు అని మార్జిన్‌లో రాసుకుంటూ పోండి.

ఇంగ్లీషు వ్యాసాల భయం గురించి. తెలుగు మీడియం పిల్లలు డిక్షనరీ పెట్టుకుని మొదటి పేజీ దగ్గరే అలిసిపోతారు. ముందు మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చదవండి. రచయిత ఎవరితో వాదిస్తున్నాడో పట్టుకోండి. తర్వాత తెలుగులో మూడు వాక్యాలు రాయండి: ఏమంటున్నాడు, ఎవరిని కాదంటున్నాడు, ఏ ఆధారంతో. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నట్టే, మళ్లీ మధ్యభాగం చదవండి. నేను ఇప్పటికీ ఇట్లాగే చదువుతాను.

వీలైతే మొదటి ఏడాదే ఉర్దూ లిపి నేర్చుకోండి. నిజాం రాజ్యం కాగితాలు ముందు ఫార్సీలో, తర్వాత ఉర్దూలో నడిచాయి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైందే ఉర్దూ మీడియంలో. పాత ప్రభుత్వ కాగితాలు దాచే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మీ వయసువాళ్లు తెరవని కట్టలు చాలా ఉంటాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చదవగలిగే విద్యార్థికి ఈ ఊళ్లో పనికి కొదవ లేదు.

లైబ్రరీల సంగతి. క్యాంపస్ లైబ్రరీతో సరిపెట్టుకోకండి. అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి అసఫియా లైబ్రరీ ఉంది, ఇప్పుడు దాన్ని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటారు. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఉంది. పాత ఉర్దూ పుస్తకాలకు, పత్రికలకు సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు సరేసరి.

ఇంట్లో "ఇది చదివితే ఏమొస్తది బిడ్డా" అని అడుగుతారు. దాటవేయకండి. యూజీసీ నెట్ పరీక్ష రాసి లెక్చరర్ కావచ్చు, గ్రూప్స్‌కు ఇందులో చాలా భాగం పనికొస్తుంది, అనువాదం, జర్నలిజం, మ్యూజియం పనులు ఉన్నాయి. డబ్బు మాత్రం ఇంజనీరింగ్ చేసినవాళ్లంత తొందరగా రాదు. అది కూడా మొదటే చెప్పేయండి.

చివరగా టర్మ్ పేపర్. గడువుకు కనీసం రెండు వారాల ముందు మేడమ్‌నో సార్‌నో టైమ్ అడిగి వెళ్లండి. "టాపిక్ చెప్పండి సార్" అని ఉత్తచేతులతో వెళ్లకండి. మూడు పేజీల డ్రాఫ్టు ప్రింటు తీసుకెళ్లండి, అందులో మీకు నమ్మకం లేని పేరా కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి. మాట్లాడటం ఆ పేరాతోనే మొదలుపెట్టండి. వాళ్లకున్న పది నిమిషాలూ మీకు అవసరమైన చోటే ఖర్చవుతాయి.