ఫ్రీలాన్స్ రైటింగ్ పని దొరకట్లేదా? ముందు మీరు వాడే జాబ్ బోర్డు సంగతి చూడండి

చక్కగా రాయగలిగి కూడా పని దొరకనివాళ్లు చాలామంది ఉన్నారు. ఒకే సైట్ పట్టుకుని నెలల తరబడి కూర్చుంటారు, ఏమీ రాకపోయేసరికి నాకు రాయడమే రాదేమో అని దిగులు పడతారు. ఆ దిగులు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి. మీరు వాడే జాబ్ బోర్డు, అంటే పనుల ప్రకటనలు ఉండే ఆ సైట్, డబ్బు ఎవరి దగ్గర తీసుకుంటోంది? పని ఇచ్చేవాళ్ల దగ్గరా, పని వెతుక్కునేవాళ్ల దగ్గరా, మీకు వచ్చే పేమెంట్‌లోంచా? కింద రాసిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది.

సమస్య: ప్రపోజల్స్ పంపుతూనే ఉన్నా, ఎవరూ పలకట్లేదు

కారణం చాలాసార్లు మీ ప్రపోజల్, అంటే ఈ పని నేను చేస్తానని మీరు రాసి పంపేది, కాదు. క్లయింట్లు, ఫ్రీలాన్సర్లు కలిసే అప్‌వర్క్ లాంటి సైట్‌లో ప్రపోజల్ పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు కొనాలి. ఒక్కోటి 15 సెంట్లు, ఒక్క పనికే అవి చాలా పట్టొచ్చు. అంటే జవాబు వచ్చినా రాకపోయినా ఖర్చు మీదే. పోస్టు పెట్టడం మాత్రం క్లయింట్‌కి ఉచితం, అందుకే ఊరికే రేట్లు కనుక్కుందామని పెట్టి వదిలేసేవాళ్లూ అక్కడ ఉంటారు.

పోస్టు పక్కనే క్లయింట్ చరిత్ర కనిపిస్తుంది, అది చదవకుండా ఒక్క కనెక్ట్ కూడా ఖర్చు పెట్టకండి. పేమెంట్ వెరిఫై అయిందా, ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టారు, పెట్టిన పోస్టుల్లో ఎన్నింటికి నిజంగా మనుషుల్ని తీసుకున్నారు, అన్నీ అక్కడే ఉంటాయి. పాత పోస్టుల జోలికి వెళ్లొద్దు. మీ పని ఇంగ్లిష్ నుంచి తెలుగు అనువాదమైతే, ఆ గుంపులో కొట్టుకోవడం కంటే అనువాదకుల కోసమే ఉన్న ప్రోజ్ డాట్ కామ్‌లో భాషల జతతో ప్రొఫైల్ పెట్టుకోవడం మేలు, ఎందుకంటే అక్కడికి వచ్చే ఏజెన్సీ తెలుగు కావాలనే వెతుకుతుంది.

సమస్య: పని వస్తోంది, రేటు మాత్రం చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది

వెయ్యి పదాలకు వంద రూపాయలు అంటారు. అసలు క్లయింట్‌కీ మీకూ మధ్య ఇద్దరు ముగ్గురు ఉన్నారని దాని అర్థం, ఒక్కొక్కరూ తమ వాటా తీసుకున్నాక మిగిలింది మీ దాకా వచ్చింది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే 'రైటర్స్ కావాలి' మెసేజ్‌లలో ఇలాంటివి చాలా ఉంటాయి. ఈ ఆర్టికల్ ఏ సైట్‌లో, ఎవరి పేరుతో వస్తుందని నేరుగా అడగండి. చెప్పకపోతే వదిలేయండి.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లయితే ప్రోబ్లాగర్ జాబ్ బోర్డ్ లాంటివి చూడాలి. అక్కడ ప్రకటన ఇచ్చేవాళ్లు డబ్బు కట్టి పెడతారు, అప్లై చేసేవాళ్లకు ఫ్రీ. డబ్బు పెట్టి ప్రకటన ఇచ్చినవాళ్లకు నిజంగా మనిషి అవసరం ఉంటుంది. పోటీ ఎక్కువే, కొన్ని పోస్టులు అమెరికాలో ఉన్నవాళ్లకే అని రాసి ఉంటుంది, ఆ లైన్ ముందే చూసుకోండి.

రేటు చూసేటప్పుడు చేతికొచ్చేది లెక్కేయండి. అప్‌వర్క్ లాంటిదే ఇంకో సైట్ ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది, అప్‌వర్క్ పనిని బట్టి 15 శాతం దాకా. ఆపైన డాలర్లు రూపాయలు చేసేటప్పుడు ఇంకాస్త పోతుంది.

సమస్య: పని ఇవ్వకముందే డబ్బు అడుగుతున్నారు

రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ట్రైనింగ్ కిట్... పేరు ఏదైనా ఒకటే, ఇవ్వొద్దు. ఫ్లెక్స్‌జాబ్స్ లాంటి బోర్డులు సభ్యత్వానికి డబ్బు తీసుకుంటాయి నిజమే, కానీ అది ప్రకటనలు చూడటానికి కట్టే చందా. ఫలానా పని మీకే ఇస్తాం, ముందు ఇంత కట్టండి అనేవాళ్లు మోసగాళ్లు.

మన దగ్గర గృహిణులనూ విద్యార్థులనూ ఎక్కువగా ఏడిపిస్తున్నది టైపింగ్ పని మోసం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని పేజీలు టైప్ చేస్తే చాలంటారు, ఆన్‌లైన్‌లో ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు, ఎవరూ గడువులోగా పూర్తి చేయలేనంత పని ఇస్తారు. చివరికి తప్పులు ఎక్కువున్నాయి, అగ్రిమెంట్ తప్పారు కాబట్టి పెనాల్టీ కట్టాలి, లేదంటే కోర్టు కేసు అని లాయర్ పేరుతో ఫోన్లు మొదలవుతాయి. ఇంట్లో చెప్పుకోలేక, ఆ టెన్షన్ తట్టుకోలేక డబ్బు కట్టేస్తారు. కట్టకండి. ఏ కోర్టూ వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి సెటిల్ చేసుకోమనదు. మెసేజ్‌లు, ఫోన్ నంబర్లు, ఆ అగ్రిమెంట్ అన్నీ దాచి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు వెళ్లిపోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంకో మాట, డబ్బు మీ ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

సమస్య: టెస్ట్ ఆర్టికల్ తీసుకుని మాయమయ్యారు

వచ్చినవాళ్లందరితో తలా ఒక ఉచిత ఆర్టికల్ రాయించుకుంటే వాళ్ల సైట్ నిండిపోతుంది, అదే వాళ్ల లెక్క. రెండు మూడు మంచి శాంపిల్స్ ముందే ఎక్కడైనా పబ్లిష్ చేసి లింక్ ఇవ్వండి. కొత్తది కావాలంటే ఒక పేరా రాస్తానని, మొత్తం కావాలంటే డబ్బిచ్చే టెస్ట్ అయితేనే రాస్తానని చెప్పండి. ఇప్పటికే పంపేసి ఉంటే అందులోని ఒక వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి, దాంతో పాటు ఇన్వాయిస్ (బిల్లు) పంపండి.

సమస్య: పని పూర్తిచేసి ఇచ్చాను, డబ్బు రావట్లేదు

అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి క్లయింట్ ముందుగా ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా డబ్బు సైట్ దగ్గరే ఉండే ఖాతాలో, డబ్బు వేయాలి. మైల్‌స్టోన్‌కి (పనిలో ఒక్కో దశకి) డబ్బు పడిందని కనిపించేదాకా ఒక్క లైన్ కూడా రాయొద్దు. కమీషన్ మిగులుతుంది, బయట మాట్లాడుకుందాం రండి అంటే వెళ్లొద్దు. ఆ రక్షణ పోతుంది, రూల్ తప్పినందుకు అకౌంటూ పోవచ్చు.

ఎస్క్రో లేని బోర్డులో దొరికిన క్లయింట్ అయితే సగం అడ్వాన్స్ అడగండి, రేటు, గడువు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. అనువాద ఏజెన్సీ అయితే ఒప్పుకునే ముందు ప్రోజ్‌లోని బ్లూ బోర్డ్‌లో వాళ్ల గురించి మిగతా అనువాదకులు ఏం రాశారో చూడండి.

మన దేశంలోని కంపెనీ డబ్బు ఆపితే ఇంకో దారి ఉంది, చాలామంది రైటర్లకు ఇది తెలియదు. చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకున్న చిన్న సర్వీస్ సంస్థకు చిన్న, మధ్యతరహా సంస్థల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది, ఒక్క మనిషే నడుపుతున్నా సరే. మీతో పని చేయించుకున్నవాళ్లు ఎలాంటి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, లేకపోతే వడ్డీతో కట్టాలి. పని మొదలుపెట్టకముందే రిజిస్టర్ చేసుకుని, ప్రతి ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ వేయండి.