చిన్న జలాంతర్గామికి రూపకల్పన చేయడం, దాన్ని నడిపే శక్తిని ఎంచుకోవడం ఎలా?

ఎంత లోతుకు దిగాలి, ఎంతసేపు ఉండాలి, ఎంత వేగంతో కదలాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టిన తర్వాతే గీత గీయడం మొదలుపెట్టాలి.

లోతు మొదటిది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 100 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల వ్యాసమున్న కిటికీ అద్దం మీద దాదాపు 7 టన్నుల భారం పడుతుంది. ఈ ఒత్తిడిని అతి తక్కువ లోహంతో తట్టుకునే ఆకారం గోళం. మనుషులు కూర్చోవడానికి, పరికరాలు అమర్చడానికి మాత్రం రెండు కొసల్లో అర్ధగోళాలున్న స్తూపాకారమే వీలుగా ఉంటుంది. అయితే స్తూపం లోహం తెగకముందే నలిగిపోగలదు. అందుకే దానికి లోపల ఉక్కు వలయాలు బిగించాలి, వర్తులాకారంలో ఏ కాస్త తేడా వచ్చినా ఒప్పుకోకూడదు.

తర్వాత బరువు లెక్క. బయటి ఘనపరిమాణం 4 ఘనమీటర్లైతే, మునిగి నిలకడగా ఉండటానికి మంచినీటిలో మొత్తం బరువు 4,000 కిలోలు, సముద్రంలో సుమారు 4,100 కిలోలు ఉండాలి. ఆ 100 కిలోల తేడాను బ్యాలస్ట్ (అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే నీరు లేదా బరువు) ద్వారా సర్దే ఏర్పాటు ముందే ఉండాలి. గరిమనాభి (మొత్తం బరువు పనిచేసే బిందువు) ఎప్పుడూ ఉత్ప్లవన కేంద్రం (నీరు పైకి తోసే బలం పనిచేసే బిందువు) కన్నా కిందే ఉండాలి, లేకపోతే మునిగిన పడవ తలకిందులవుతుంది.

చురుకుగా తిరగాలంటే పొట్టిగా, బొద్దుగా ఉండే ఆకారం మేలు. పొడవైనది తిన్నగా బాగా సాగుతుంది కానీ మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. అమెరికా నౌకాదళం 1953లో జలప్రవేశం చేయించిన ఆల్బకోర్ అనే జలాంతర్గామి, కన్నీటి చుక్క ఆకారం మునిగి వేగంగా తిరగడానికి ఎంత అనువైనదో చూపింది. కానీ చుక్కాని బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది: వేగం సగమైతే బలం పావు వంతే మిగులుతుంది. రాళ్ల మధ్య నెమ్మదిగా పనిచేసే చిన్న పడవకు అందుకే పక్కలకు, పైకీ కిందికీ తోసే థ్రస్టర్లు తప్పనిసరి.

ఇక శక్తి. నీటి నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 2 నాట్ల (గంటకు 2 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 3.7 కిలోమీటర్లు) వేగానికి 1 కిలోవాట్ చాలనుకుంటే, 4 నాట్లకు 8 కిలోవాట్లు కావాలి. 20 కిలోవాట్ అవర్ల బ్యాటరీ మొదటి సందర్భంలో 20 గంటలు, 40 నాటికల్ మైళ్లు నడిపిస్తే, రెండో సందర్భంలో రెండున్నర గంటల్లో 10 మైళ్లకే అయిపోతుంది. గాలి శుద్ధి, దీపాలు వాడుకునే కరెంటు దీనికి అదనం. కాబట్టి అవసరం లేని వేగాన్ని అడగకండి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ కిలోకు 30 నుంచి 40 వాట్ అవర్లే ఇస్తుంది. అంటే ఈ 20 కిలోవాట్ అవర్లకు 500 కిలోలు దాటుతుంది. లిథియం బ్యాటరీకి సుమారు 130 కిలోలు చాలు. అయినా నా దృష్టిలో తొలి ప్రయత్నానికి లెడ్ యాసిడే మంచిది: మునగడానికి ఎలాగూ బరువు కావాలి, ఆ బరువు అడుగున ఉంటే నిలకడా వస్తుంది. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది గనక, గాలి బయటకు పోయే దారి చూపాలి. లిథియంలో మంట రేగితే మూసిన గదిలో ఆర్పడం చాలా కష్టం కనుక, దాన్ని పీడన కవచం (నీటి ఒత్తిడిని తట్టుకునే, మనుషులుండే గది) బయట వేరే పెట్టెలో ఉంచాలి. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి, అందువల్ల ఉపరితలం మీదే పనికొస్తుంది. 1969లో జలప్రవేశం చేసిన ఎన్‌ఆర్-1 లాంటి అణు జలాంతర్గామి చిన్నదనిపించుకున్నా దాని బరువు సుమారు 400 టన్నులు.

చివరగా, కరెంటు పూర్తిగా పోయినా చేత్తో వదిలేయగల బరువును అడుగున అమర్చి, తొలిసారి మనుషులు లేకుండా, తాడు కట్టి, అనుకున్న లోతు కన్నా కిందికి దింపి పరీక్షించాలి.